శిలకు చిరునామా

శ్రీరాంపూర్ ప్రాంతంలో బొగ్గుగనితో సంబంధం లేని ఇల్లు అరుదు. మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, అన్నలు గనులలో పనిచేసేవారే. అయినా బొగ్గుపొర మీది బండలో ఆకు అచ్చు కనిపించినప్పుడు దానిని పరికించి, వివరం వ్రాసిపెట్టే అలవాటు మనకు ఏర్పడలేదు. ఈ లోటు తీరాలని మా అభిప్రాయం.

మేము తెలుగు బోధించేవారమే గాని భూగర్భశాస్త్రం చదివినవారం కాము. కాని వర్ణన, వర్గీకరణ భాషాభ్యాసకులకు కొత్తవి కావు. అమరసింహుడు పదాలను వర్గాలుగా విభజించి నిఘంటువు కూర్చాడు. శిలాజాల విషయంలో శాస్త్రజ్ఞుడు చేసేదీ అటువంటి పనే.

ఆ పనికి ఎంత ఓర్పు కావాలో బ్రయోజోవాల అధ్యయనం తెలుపుతుంది. గ్రీకు భాషలో ఈ పేరుకు నాచుజంతువులని అర్థం. ఇవి అధికభాగం సముద్రవాసులు. ఒక్కొక్క జీవి సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్న చిన్నది. ఇటువంటి జీవులు అనేకం చిన్నచిన్న సున్నపు గదులు కట్టుకొని ఒకే సమూహంగా నివసిస్తాయి. జీవులు నశించినా గదులు రాతిలో నిలుస్తాయి. పైకి రెండు జాతులు ఒకే తీరుగా కనిపించవచ్చు. అందుచేత ప్రాచీన శిలలలోని అనేక బ్రయోజోవాలను మూడు దిశలలో కోసి, వెలుతురు ప్రసరించేటంత పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శినితో గదుల ఆకారాన్ని, గోడల మందాన్ని కొలిచిన పిమ్మటనే పేరు నిర్ణయిస్తారు.

మన బొగ్గు సముద్రంలో పుట్టినది కాదు. పాతిక కోట్ల సంవత్సరాలకు పూర్వమే, పెర్మియన్ యుగపు చిత్తడి అడవులలో ఏర్పడింది. కాని ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ బొగ్గు ప్రాంతంలో, హస్‌దేవ్ నది ఒడ్డున, బొగ్గుపొరలకంటె ప్రాచీనమైన తాల్చీర్ శిలలలో గవ్వజాతి జీవులతోపాటు బ్రయోజోవాలు లభించాయి. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చిందని వాటివలన తెలిసింది. ఏ ఒడ్డున, ఏ పొరలో దొరికినవో వ్రాసిపెట్టినందువల్లనే ఆ సాక్ష్యానికి విలువ. ఆ వివరం లేకపోతే అవి వట్టి రాళ్లే.

మన గని బండలలో కనిపించే నాలుక ఆకారపు ఆకుకు 1828లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాన్యార్ గ్లాసాప్టెరిస్ అని పేరు పెట్టాడు. మన గోదావరి లోయలోనే దొరికిన ఒక డైనోసారుకు 1988లో యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో ఉంది. యామన్‌పల్లి అనే పల్లె పేరు ఆ విధంగా ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కింది.

ఇది పరాయి విద్య అని సంకోచించనక్కరలేదు. కితాబుల్ హింద్ వ్రాసిన అల్ బిరూనీ, కొండలవద్ద పెద్ద రాళ్లు, దూరం పోయినకొద్దీ చిన్న రాళ్లు, చివరకు ఇసుక ఉండటం గమనించి, హిందూస్థాన మైదానం ఒకనాడు సముద్రమై ఉండవచ్చునని సుమారు 1030లోనే ఊహించాడు.

ఉద్యోగానికి ఇది పనికివచ్చునా అని కొందరడుగవచ్చు. బొగ్గుపొరల వయస్సును పోల్చి చూడటానికి రాతిలోని పుప్పొడి రేణువులను ఆధారం చేసుకొనే శాస్త్రమే ఉన్నది. లక్నోలో 1946లో స్థాపితమైన బీర్బల్ సాహ్నీ సంస్థ ఇటువంటి పరిశోధనకు ప్రసిద్ధి. మన పిల్లలలో ఒక్కరైనా ఆ దారి పట్టరాదా?

కళాశాల కమిటీవారికి మా విన్నపం స్వల్పం: ఒక బీరువా, ఒక భూతద్దం, ఒక రిజిస్టరు. విద్యార్థులు తామై గనులకు పోరాదు. అధికారుల అనుమతితో పెద్దలు తెచ్చిన రాతికి గని పేరు, పొర, లోతు, తేదీ, తెచ్చినవారి పేరు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయాలి. కొలతలు తీసి బొమ్మ గీయాలి. శాస్త్రీయనామం నిపుణులు నిర్ణయిస్తారు. దానికి పదేళ్లు పట్టినా నష్టం లేదు. కాని బొగ్గు తీసిన పిమ్మట పైబండ మట్టికుప్పలో కలిసిపోతుంది. అది ఏ పొరదో ఆపైన ఎవరూ చెప్పలేరు. కనుక చిరునామా మాత్రం దొరికిన నాడే వ్రాయాలి.