కమిషనర్ ఒక్కరే... కానిస్టేబుళ్లు ఎందరు?

పోలీసు శాఖలో మనవాళ్ల గురించి మాట వస్తే చాలా ఇళ్లలో ముందుగా వినిపించే పేరు ఏకే ఖాన్ సాబ్‌దే. ఐపీఎస్ అధికారిగా 2010 నుంచి 2012 వరకు హైదరాబాద్ పోలీసు కమిషనర్‌గా పనిచేశారు. అది మామూలు సమయం కాదు. 2010లో పాతబస్తీ గొడవలు, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్, ఆ తర్వాత సకల జనుల సమ్మె. తర్వాత ఆర్టీసీ ఎండీ అయ్యారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఏసీబీ డీజీ బాధ్యతలు చూశారు. 2015 మే 31న దేశమంతా మాట్లాడుకున్న ‘ఓటుకు నోటు’ కేసు బయటికొచ్చింది ఆయన హయాంలోనే. రిటైరయ్యాక తెలంగాణలో మైనారిటీ వ్యవహారాల సలహాదారుగా, 2016లో 71 స్కూళ్లతో మొదలైన మైనారిటీ గురుకులాల వెనుక ఆయన కనిపించారు.

గర్వపడాల్సిన కెరీరే. అయితే పైన ఒకరు ఉంటే సరిపోతుందా?

లండన్ పోలీసులో తారిక్ గఫూర్ అసిస్టెంట్ కమిషనర్ దాకా ఎదిగారు. ఆ దేశంలో అంత ఎత్తుకు చేరిన ముస్లిం అధికారి. 2008లో ఆయనే తన శాఖపై వివక్ష ఆరోపణలు చేశారు. కొన్ని నెలలకే వివాదం రాజీతో ముగిసింది, ఆయన ఉద్యోగం వదిలారు. పెద్ద కుర్చీ దొరికినా చుట్టూ మనవాళ్లు లేకపోతే ఆ మనిషి ఒంటరే.

ఇక ఉత్తరాంధ్ర సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు ఒక్క శాతం కూడా లేరు. విజయనగరంలో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. బాబామెట్ట పిల్లలకు అది ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. కానీ లోపలికి వెళ్లే దారి మాత్రం చాలా పొడవు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్, 411 ఎస్ఐ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయింది. మధ్యలో కోర్టు కేసులు. తుది ఫలితాలు వచ్చేసరికి 2025 ఆగస్టు! మెకానిక్ షెడ్డులోనో, బట్టల కొట్టులోనో పనిచేస్తూ పొద్దున్నే 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాడికి, రెండున్నరేళ్లకు పైగా ఎదురుచూడటం అంటే ఇంట్లో ఎంత ఒత్తిడో వేరే చెప్పక్కర్లేదు. ఎందరో మధ్యలోనే వదిలేస్తారు.

రిజర్వేషన్ విషయంలోనూ అయోమయం ఉంది. షేక్‌లకు బీసీ-ఈ, దూదేకులవారికి బీసీ-బీ వర్తిస్తాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు బీసీ-ఈ లేదు. పైగా 2007 చట్టంతో వచ్చిన ఆ 4 శాతం, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదే నడుస్తోంది. దాన్ని శాశ్వతం అనుకుని కూర్చోలేం.

కాబట్టి వచ్చే నోటిఫికేషన్ దాకా ఆగకుండా కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే తీసిపెట్టుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. డిగ్రీ ఉన్న ఆడపిల్లలను ఎస్ఐ పరీక్షకు పంపాలి. మసీదు కమిటీలు మనసు పెడితే ఓ గది, నాలుగు పుస్తకాలు, ఒక ట్యూటర్ పెద్ద ఖర్చేం కాదు.

స్టేషన్ గడప తొక్కే పేదవాడికి ముందు ఎదురయ్యేది కమిషనర్ కాదు, కానిస్టేబులే. ఆ కుర్చీల్లోనూ మన పిల్లలు కనిపించాలి.