గోరు కాదు, తలుపు

పెళ్లిళ్లలో, పండుగ పూటల్లో మన ఇళ్లలో ఊద్‌దాన్ సిద్ధమవుతుంది. నిప్పుల మీద చిటికెడు పొడి పడగానే ఇల్లంతా పరిమళం నిండుతుంది. ఆ పొడిలో ఏమేమి కలిశాయో మనం అడగము. కొన్ని ధూపపు పొడుల్లో కలిసే ఒక దినుసును ఈ నెల పరిచయం చేయదలిచాము.

అరబీలో గోటిని ‘జుఫ్ర్’ అంటారు, బహువచనం ‘అజ్‌ఫార్’. సుగంధద్రవ్యాల్లో ‘అజ్‌ఫారుత్తీబ్’ అన్నది ఒకటి. పరిమళపు గోళ్లు అని దాని అర్థం. ఆయుర్వేదం దానిని ‘నఖం’ అన్నది. అదీ గోరే. గోధుమరంగులో, గట్టిగా, చూడటానికి గోరులాగే ఉంటుంది. పాఠం చెప్పేటప్పుడు మేమూ ఏళ్ల తరబడి ఆ అర్థమే చెప్పి ముందుకు సాగాము. నిజానికి అది గోరు కాదు. ఒక ప్రాణి ఇంటి తలుపు.

ఆ ప్రాణి సముద్రపు నత్త. ఇటువంటి తలుపు అనేక జాతుల నత్తలకు ఉంటుంది. వాటిలో ఒకటి ముళ్ల గుల్ల గల పెద్ద నత్త. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు చికోరియస్ రామోసస్. తూర్పు ఆఫ్రికా తీరం నుండి పసిఫిక్ దీవుల వరకు వెచ్చని సముద్రాల్లో ఇది జీవిస్తుంది. మన దేశంలో మన్నార్ సింధుశాఖలో దొరుకుతుంది. కొన్ని గుల్లలు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. గుల్ల ఒక్కో చుట్టుకు మూడు గట్లు, గట్టు గట్టుకూ కొమ్మల వంటి ముళ్లు. నత్త కొంత పెరిగి ఆగుతుంది, ఆగినచోట ముళ్ల గట్టు కట్టుకుంటుంది, మళ్లీ పెరుగుతుంది. తన పాత ముళ్లే తన పెరుగుదలకు అడ్డువస్తే వాటిని తానే కరిగించుకుంటుంది. ఆపద వచ్చినప్పుడు లోపలికి ముడుచుకుని తలుపు మూసుకుంటుంది.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఆ తలుపు గుల్లకు కాదు, నత్త శరీరానికి అతుక్కుని ఉంటుంది. నత్త చనిపోయి శరీరం కుళ్లితే అది ఊడి నీటిలో కలిసిపోతుంది. ఒడ్డుకు కొట్టుకువచ్చే ఖాళీ గుల్లలో అది సాధారణంగా కనిపించదు. కనుక అంగడికి చేరే తలుపుల్లో అధికభాగం శరీరంతో సహా పట్టితెచ్చిన నత్తలవే. మాంసం ఆహారానికి, గుల్ల అలంకరణకు, తలుపు ధూపానికి. ఇది జాలరుల జీవనోపాధి. దానిని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఒక నత్తకు ఒకటే తలుపు. తలుపుల లెక్క ప్రాణాల లెక్కే. పైగా గుడ్లు పెట్టే వేళ ఇవి ఒకేచోట గుమిగూడుతాయి. అప్పుడు పడిన వల తల్లులను గంపగుత్తగా తీసుకుపోతుంది.

ధూపం మానమని మేము చెప్పము. కొనేటప్పుడు అందులో ఏముందో అడగండి. చిటికెడు చాలినచోట గుప్పెడు వేయకండి. పెళ్లిలో పొగ ఎంత దట్టంగా లేస్తే అంత గొప్ప అన్న భావన విడిచిపెట్టండి.

ఇప్పుడు మా తరగతిలో ‘అజ్‌ఫార్’ అన్న మాట వచ్చినప్పుడు పిల్లలకు గోరు అన్న అర్థం చెప్పి ఊరుకోవడం లేదు. ఆ తలుపు వెనుక ఎవరుండేవారో కూడా చెబుతున్నాము.