సీలర్ టైల్స్‌కా, సందులకా?

వానాకాలం వచ్చిందంటే బాత్రూం మూలల్లో నల్లటి చారలు మొదలవుతాయి. రుద్దితే పోతాయి, నాలుగు రోజులకు మళ్లీ వస్తాయి. టైల్స్‌కు సీలర్ కొట్టిస్తే ఆ బెడద ఉండదని ఎవరో ఒకరు చెబుతారు. బాత్రూం మొత్తానికి లెక్కగట్టి ధర కూడా చెప్పేస్తారు. ఒప్పుకొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

నేల పూర్తిగా ఆరి ఉండాలి. నలుగురూ స్నానాలు చేసే ఇంట్లో అది అంత తేలిక కాదు, ఊరెళ్లి తిరిగొచ్చిన రోజైతే మంచిది. టైల్ మీద నాలుగు నీటి చుక్కలు, పక్కనున్న సందు మీద నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. తుడిచాక మచ్చ లేకపోతే అక్కడ సీలర్‌తో పని లేదు. రంగు ముదిరిందంటే నీళ్లు లోపలికి దిగుతున్నట్టే.

మన ఇళ్లలో ఎక్కువగా టైల్ నెగ్గుతుంది, సందు ఓడిపోతుంది. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతానికి మించి నీటిని పీల్చుకోదు. గోడలకు వేసే సిరామిక్ టైల్‌కు పైన గాజులాంటి పూత ఉంటుంది. వీటి మీద సీలర్ రాస్తే లోపలికి ఇంకదు. పైనే పొరలా నిలిచి మసకబారుతుంది. డబ్బిచ్చి మురికిని అంటించుకోవడమే! మార్బుల్, తాండూరు, కడప బండలు వేయించుకున్నవారి సంగతి వేరు. అవి నీటిని పీలుస్తాయి కాబట్టి వాటికి సీలర్ ఉపయోగమే.

సందుల్లో సిమెంటు గ్రౌట్ గానీ వైట్ సిమెంట్ గానీ నింపి ఉంటే అందులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. తేమ, సబ్బు జిడ్డు అక్కడే చేరతాయి, బూజుకు అదే ఆహారం. ఎపాక్సీ గ్రౌట్‌కు ఈ బాధ లేదు, సీలర్ అక్కర్లేదు.

అయితే సందులను పాడుచేసేది చాలాసార్లు మనమే. బోరునీటి తెల్ల మరకలు పోవాలని యాసిడ్ పోస్తాం. అది మరకతో పాటు సిమెంటునూ తినేస్తుంది. మార్బుల్‌నూ, ఆ బండలనూ వదలదు. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన ఇరుకు బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మరీ ముప్పు. చాలా ఇళ్లలో దాన్ని పీల్చేది పనిమనిషి. ఆ రెండు సీసాలూ ఆమె చేతికి ఇచ్చేది మనం. ఆమెకు ఈ సంగతి చెప్పారా?

సీలర్ చేయలేని పనులూ ఉన్నాయి. కింది ఫ్లాటు పైకప్పులో నీటి మరక కనిపిస్తే అది సీలర్‌తో ఆగదు. టైల్స్ అడుగునుండే వాటర్‌ప్రూఫింగ్‌నో, పైపులనో చూడాలి. గాలి ఆడని బాత్రూంలో బూజునూ అది ఆపలేదు. ఇళ్లలోని తేమకు, బూజుకు శ్వాస ఇబ్బందులతో, ఉబ్బసంతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది. పిల్లలకు పొద్దున్నే తుమ్ములు, దగ్గు వస్తుంటే ఆ నల్ల చారలను అందం సమస్యగా చూడకండి. స్నానం కాగానే వైపర్‌తో నీళ్లు లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను కాసేపు తిరగనివ్వండి. మా మాటగా చెప్పాలంటే, డబ్బు ఒక్కదానికే ఉంటే ఫ్యాన్‌కే పెట్టండి.

సీలర్ వేయించాలనే తేలితే ముందు బూజును పూర్తిగా వదిలించాలి, ఊడిన చోట్ల కొత్త గ్రౌట్ నింపాలి. అది గట్టిపడి ఆరడానికి ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు ఆగాలి. తడి మీద వేస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది. సందుల వెంబడే రాసి, టైల్ మీద పడినదాన్ని వెంటనే తుడిచేయమనండి. కొన్ని సీలర్లకు ఘాటు వాసన ఉంటుంది. అది పోయేదాకా చంటిపిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని అటు రానివ్వకండి.

ఏడాది తిరిగాక అవే నాలుగు చుక్కలు మళ్లీ వేసి చూడండి. సందు రంగు మారకపోతే ఆ ఏటికి ఖర్చు తప్పినట్టే.