ఇంజను తీసేసిన లారీ

లారీ పాతబడి ఇంజను పనికిరాకుండా పోయినా, అడుగున వుండే ఇనుప చట్రం, ఇరుసులు, చక్రాలు చాలాసార్లు గట్టిగానే వుంటాయి. అమెరికా, కెనడా రైతులు అలాంటి చట్రం మీద చెక్కలు పరిచి, గడ్డీ ధాన్యమూ మోసే బండిగా మార్చుకునేవారు. 1930 తరువాతి గడ్డురోజుల్లో కెనడా రైతులకు పెట్రోలు కొనే శక్తే లేకపోయింది. కార్లకు ఇంజన్లు తీసేసి గుర్రాలను కట్టుకున్నారు. ఆనాటి ప్రధాని బెన్నెట్‌ను ఎత్తిపొడుస్తూ వాటిని "బెన్నెట్ బగ్గీలు" అన్నారు.

అయితే, డ్రైవరే లేని లారీ మలుపు ఎలా తిరుగుతుంది?

మన ఎడ్లబండికి రెండే చక్రాలు గనుక, ఎడ్లు ఎటు తిరిగితే బండీ అటే తిరుగుతుంది. నాలుగు చక్రాల పాత గుర్రపుబండిలో ముందు ఇరుసంతా నడిమిన వున్న ఒక్క మేకు మీద తిరిగేది. మలుపు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు రెండూ బండి నడుము కిందికి వచ్చేవి. నాలుగు కాళ్ల పీట కాస్తా మూడు కాళ్ల పీట అయినట్టే! పైన గడ్డి ఎత్తుగా వుందా, బండి బోల్తా.

లారీలో ముందు ఇరుసు అలా తిరగదు. దాని రెండు కొసలా చక్రాలు వేరువేరు మేకుల మీద తిరుగుతాయి. డ్రిల్లులో నలుగురు ఒకే వరసగా మలుపు తిరగటం గుర్తు తెచ్చుకోండి. లోపలివాడు దాదాపు వున్నచోటే కాళ్లు ఆడిస్తాడు, బయటివాడు పెద్ద అంగలు వేస్తాడు. (నా బడిలో బయటివాడు ఎప్పుడూ వెనకబడేవాడు!) చక్రాలూ అంతే. లోపలిది చిన్న వలయంలో పోవాలి గనుక అది ఎక్కువ తిరగాలి. రెండు చక్రాల దగ్గరనుంచీ వెనక్కు వచ్చే పొట్టి చేతులను కాస్త లోపలికి వాల్చి, ఒక అడ్డకడ్డీతో కలిపితే యీ పని దానంతట అదే జరుగుతుంది.

ఇక రైతు చేయవలసింది, గుర్రాలను కట్టే నొగను ఇరుసు నడుమ బోల్టుతో తిరిగేలా బిగించి, దాని తోకను అడ్డకడ్డీకి తగిలించటమే. నొగ కుడికి పోతే తోక ఎడమకు పోతుంది, కడ్డీని కూడా జరుపుతుంది. చక్రాల ముందువైపు కుడికి తిరుగుతుంది. బొమ్మ వేసి చూడండి, తెలుస్తుంది.

తమాషా ఏమంటే, యీ ఉపాయం మోటారు కోసం పుట్టింది కాదు. మ్యూనిక్‌లో గుర్రపుబండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ దీన్ని కనిపెట్టాడు. అతని తరఫున ఆకర్‌మన్ 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. గుర్రపుబండి నుంచి లారీకి వెళ్లిన ఉపాయం, లారీ పాడయ్యాక మళ్లీ గుర్రాల వెనకకే చేరింది!

కాని ఇంజనుతోబాటు బ్రేకు తొక్కే డ్రైవరు కూడా పోయాడు గదా. వేరే బ్రేకు అమర్చకపోతే, నిండు బండి పల్లంలో గుర్రాలనైనా ట్రాక్టరునైనా వెనకనుంచి నెట్టుకుపోతుంది. మన ట్రాక్టరు ట్రాలీలదీ ఇదే తంతు. ఒకసారి చెరుకు ట్రాలీ చెరువుకట్ట దిగబోతూ వుంటే, ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కడ్డీ మీద మా బడి పిల్లవాడు కూర్చుని వున్నాడు. కేకవేసి దింపేశాను. వాడు మూడురోజులు నాతో మాట్లాడలేదు.