రెండో స్కాన్ ఏది?

కోవిడ్ విజృంభించిన 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏ తెలుగింట చూసినా ఒకటే ప్రశ్న: ‘సీటీ స్కోరెంత?’ ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే ఆ అంకె 25కు 8 అంటే కుదుటపడ్డారు, 18 అంటే బెడ్ కోసం పరుగులు తీశారు. ఒక్క సీటీ మూడు, నాలుగు వందల ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని నాటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. ఆ లెక్క తప్పని రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. స్కానింగ్ సెంటర్ల ముందు బారులు మాత్రం తగ్గలేదు. చివరికి తెలంగాణ ప్రభుత్వం ఈ ఛాతీ సీటీ (హెచ్‌ఆర్‌సీటీ) ధర రూ.1,995 మించరాదని జీవో ఇవ్వాల్సి వచ్చింది. అంత ఆత్రంగా తీయించుకున్న ఆ స్కాన్‌ను తర్వాత ఎంతమంది విషయంలో మళ్లీ చూశారు? వైరస్ ఊపిరితిత్తుల్లో ఏం మిగిల్చి వెళ్లిందో తెలియాలంటే కొన్ని నెలలాగి ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టాలి. మనం చాలావరకు ఆ పని చేయలేదు.

జబ్బు ముదిరినప్పుడు స్కాన్‌లో కనిపించేది గరుకు గాజులోంచి చూసినట్టుండే తెల్లటి మసక. గాలి గదుల్లో వాపు, నీరు చేరడం వల్ల వచ్చే ఈ మసక చాలామందిలో కరిగిపోతుంది. మచ్చ (ఫైబ్రోసిస్) అలా కాదు. అది ముడుచుకుంటూ పక్కనున్న శ్వాసనాళాన్ని లాగి వెడల్పు చేస్తుంది. అదైనా ఒకసారి కనబడగానే శాశ్వతమని తేల్చలేం. ఆర్నెల్లకు మచ్చలా ఉన్నవి కొందరిలో ఏడాదికి తగ్గాయి. అందుకే జాగ్రత్తపరులైన రేడియాలజిస్టులు ‘ఫైబ్రోసిస్‌లాంటి మార్పులు’ అని రాస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడు వీపువైపు కనిపించే సన్నటి నీడ, బోర్లా పడుకోబెట్టి తీస్తే మాయమవుతుంది కూడా. రిపోర్టులో ‘ఫైబ్రోసిస్’ అన్న ఒక్క మాట చదివి కుంగిపోయిన కుటుంబాలకు ఇదంతా ఎవరు చెప్పారు?

ఓపికగా వెంటబడి చూస్తే ఏం తెలుస్తుందో బీజింగ్ చూపింది. 2003లో కోవిడ్ తరహా జబ్బు సార్స్ సోకిన 71 మందిని పెకింగ్ యూనివర్సిటీ పీపుల్స్ ఆసుపత్రి వైద్యులు పదిహేనేళ్లు గమనించారు. ఊపిరితిత్తుల్లో దెబ్బతిన్న భాగం సగటున 9.4 శాతం నుంచి ఏడాదిలో 3.2 శాతానికి దిగింది. 2018లో అది 4.6 శాతం. అంటే మానాల్సింది చాలావరకు మొదటి ఏడాదే మానింది. ఆపైన పెద్దగా మారలేదు. మన దగ్గర వెల్లూరు సీఎంసీ వైద్యులు కోవిడ్ నుంచి కోలుకున్న 207 మందిని పరీక్షిస్తే, దాదాపు 44 శాతం మందిలో ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం తగ్గింది. యూరప్, చైనా రోగులకంటే మనవాళ్లకే నష్టం ఎక్కువని వారు తేల్చారు. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అలాగని అందరికీ మళ్లీ సీటీ తీయాలనడం లేదు. ఇంట్లోనే తగ్గిపోయినవారికి, ఆయాసం లేనివారికి అది అనవసరపు రేడియేషన్. బ్రిటన్ ఛాతీ వైద్యుల సంఘం 2020లోనే దారి చూపింది: తీవ్ర న్యుమోనియా వచ్చినవారికి పన్నెండు వారాలకు ఎక్స్‌రే, అందులో తేడా ఉంటే శ్వాస పరీక్షలు, అవసరమైతే సీటీ. వాయు మార్పిడిని కొలిచే డీఎల్‌సీవో యంత్రం మన దగ్గర పెద్ద నగరాలు దాటితే దొరకడం అరుదు. కానీ ఆరు నిమిషాల నడక పరీక్షకు ఆసుపత్రి వరండా చాలు. అప్పట్లో ఎగబడి కొన్న ఆక్సిమీటర్ వేలికి తగిలించి, నడకకు ముందూ తర్వాతా ఆక్సిజన్ అంకె చూస్తే సరి.

పాత స్కాన్ అవసరం మన నేల మీద మరీ ఎక్కువ. క్షయ తిరుగుతున్న చోట, రాళ్ల క్రషర్లలో దుమ్ము పీల్చే కూలీలున్న చోట, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అది దేనివల్లో చెప్పడం కష్టం. 2021 నాటి స్కాన్ ఎదురుగా లేకపోతే వైరస్ వదిలిన మచ్చకు ఆర్నెల్లు టీబీ మాత్రలు మింగించే ప్రమాదం ఉంది. నిజమైన టీబీని ‘పాత కోవిడ్ మచ్చే’ అని వదిలేసే ప్రమాదమూ ఉంది. పోల్చి చూడటానికి ఫిల్మ్ సరిపోదు, అందులో ఉండేవి ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే. వందల పొరలూ ఉన్న సీడీ కావాలి. చాలా ఇళ్లలో ఆ సీడీ లేదు. సెంటర్లు తమ సర్వర్లలో ఉన్నవాటిని చెరిపేయకముందే రెండు తెలుగు ప్రభుత్వాలూ సేకరించి, రోగి అనుమతితో ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుకు జతచేయాలి. ఈ పనికి కొత్త యంత్రం ఒక్కటీ కొనక్కర్లేదు.