ఎవరికీ పట్టని కాలేయం

బందరులో, గుడివాడలో, దివిసీమ లంకల్లో ‘లివర్ పోయింది’ అన్న మాట వినపడని ఊరు లేదు. మొదట కామెర్లని పసరు పోయిస్తారు. ఆ తర్వాత కాళ్లకు నీరు, పొట్టకు నీరు. బెజవాడ వెళ్లి పొట్టలో సూది గుచ్చి బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తీయించుకుని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చే మనుషులు మన పక్క సీట్లోనే కూర్చుంటున్నారు. చివరికి ఒకరోజు డాక్టరు, మార్పిడి తప్ప దారి లేదంటాడు. పాతిక లక్షల దాకా అవుతుందంటాడు. వెంటనే, ‘ఇంట్లో ఎవరిస్తారు?’ అంటాడు.

అందరి కళ్లూ భార్య వైపు తిరుగుతాయి. లేదంటే తల్లి వైపు. దేశంలో కాలేయ మార్పిడులు చాలావరకు బతికున్నవాళ్లు కోసిచ్చిన ముక్కతోనే జరుగుతున్నాయి. 1995 నుంచి 2021 దాకా అన్ని అవయవాలూ కలిపి 36,640 మార్పిడులు జరిగితే, అందుకున్న ప్రతి ఐదుగురిలో నలుగురు మగవాళ్లే. బతికుండగా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పక్కటెముకల కింద కుట్లు ఇంకా లాగుతుండగానే, బరువులెత్తొద్దన్న మాట పక్కనబెట్టి ఆమె నాట్లకు పోతుంది. అప్పు తీరాలి గదా! ఇంకో దారి లేకుండా చేసి, ఇది త్యాగమని పొగుడుతుంటే ఒళ్లు మండుతోంది.

దారి లేకేం? అవయవ మార్పిడి చట్టం 1994లోనే వచ్చింది. మెదడు చచ్చిపోయి, వెంటిలేటరు మీద గుండె మాత్రమే కొట్టుకుంటున్న మనిషి కాలేయం మరో ప్రాణం నిలుపుతుంది. 2023లో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 72 వేల మందికి పైగా పోయారు. ఆ ఏడాది మరణానంతరం అవయవాలిచ్చినవారు దేశం మొత్తం మీద 1,099 మంది. పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా కాదు! స్పెయిన్‌లో యాభైకి దగ్గరగా ఉన్నారు. అంత దూరమెందుకు, ఆ 1,099 మందిలో 252 మంది పక్కనున్న తెలంగాణవాళ్లు. అక్కడి ఉస్మానియా సర్కారు ఆసుపత్రి 2025 ఏప్రిల్‌లో చిన్నపేగు మార్పిడి కూడా చేసింది. దాత నుంచి తీసిన పేగును కొద్ది గంటల్లో అమర్చేయాలి. అంత కష్టమైన పని సర్కారు దవాఖానాలో జరిగింది.

మనకూ అవయవదానం కోసం జీవన్‌దాన్ పథకం ఉంది. బందరుకు 2023లో వైద్య కళాశాల వచ్చింది. హైదరాబాద్ రోడ్డు మీద హెల్మెట్ లేని తలలు పగులుతూనే ఉన్నాయి. బ్రెయిన్ డెత్ నిర్ధారణకు నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు కావాలి. ఇది మన డాక్టర్లకు రాని విద్యా? మార్పిడి చేయలేని ఆసుపత్రి కూడా అవయవాలు సేకరించేందుకు కేంద్ర చట్టం 2011 సవరణలోనే వీలు కల్పించింది. గుండెలు బాదుకుంటున్న ఇంటివాళ్ల పక్కన కూర్చుని, నెమ్మదిగా నచ్చజెప్పే మనిషి కావాలి. ఆ ఒక్క మనిషిని వేయడానికి మనసు రాదు గానీ, సహాయ నిధి చెక్కు ఇస్తూ ఫొటో దిగడానికి మాత్రం అందరూ వస్తారు.

1977 ఉప్పెనకు దివిసీమలో శవాల గుట్టలు చూసి దేశమంతా కదిలింది. ఇప్పుడు ఒక్కొక్కరుగా, ఇంటింటా పోతున్నారు. గుట్టలు కనబడవు కాబట్టి ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

మీ ఎమ్మెల్యే ఈసారి గడప తొక్కినప్పుడు నిలదీయండి: మన జిల్లా ఆసుపత్రిలో కిందటేడు ఎందరికి బ్రెయిన్ డెత్ నిర్ధారించారు? వాళ్లలో ఎందరి ఇంటివాళ్లను అవయవాలు అడిగారు?