పూర్వుల చెరువు, మన పార

మన ఉరవకొండ ప్రాంతంలో విజయనగర కాలం మాట వస్తే హంపి శిల్పాలు, లేపాక్షి చిత్రాలే మెచ్చుకుంటాం. కరువుసీమవారమైన మనం మెచ్చదగినది మరొకటుంది. అది కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369). మంచి చెరువుకు 12 అంగాలు కావాలంటుందది. మొదటిది ధర్మపరుడైన రాజు, రెండోది జలశాస్త్రం తెలిసినవాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు శ్రమించి ఆ చెరువు కట్టారు. ధర్మం, శాస్త్రం, చెమట కలిసి పొలాల దప్పిక తీర్చాయి గనుకనే ఆ కాలం నేటికీ ఘనత పొందుతోంది.

అయితే పొగడ్తతో చెరువు నిండదు. ఇస్సాకు తన తండ్రి అబ్రాహాము తవ్వించిన బావుల గొప్ప చెప్పుకుంటూ కూర్చోలేదు. ఫిలిష్తీయులు పూడ్చిన వాటిని తిరిగి తవ్వించాడు (ఆదికాండము 26:18). మన చెరువుల్లో పూడిక, కంపచెట్లు పెరుగుతున్నాయి. వానకోసం ఉపవాస ప్రార్థనలు చేసే సంఘం పూడిక తీయడానికి పార పట్టకపోతే, దేవుడు కురిపించే వాన ఎక్కడ నిలుస్తుంది?